ఇంజిన్ లైటు మళ్లీ మళ్లీ వెలుగుతుంటే, షోరూమ్ వాళ్లు 'పార్టు రావాలి' అంటుంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది ఖమ్మం. పద్నాలుగు నెలల క్రితం పన్నెండు లక్షల పైచిలుకు పెట్టి డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నారు. రోజూ పిల్లల్ని బడిలో దించడం, అక్కణ్నుంచి ఆఫీసు, అంతా కలిపి ఏడెనిమిది కిలోమీటర్లు. ఇంజిన్ లైటు నాలుగుసార్లు వెలిగింది. అందులో రెండుసార్లు పికప్ పూర్తిగా పడిపోయి బండి 40 దాటలేదు. మొదటిసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. రెండోసారి ఏదో సెన్సార్ మార్చారు. మూడోసారి 'మీరు పోయించుకునే డీజిల్ బాగోలేదు సార్' అన్నారు. నాలుగోసారి ఇచ్చి 23 రోజులైంది, బండి ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. కేసు వేయాలా, బండి మార్చి ఇమ్మని అడగాలా, అమ్మేసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

నేను ఒక డీలర్ సర్వీస్ సెంటర్లో అడ్వైజర్‌గా చేరి వర్క్స్ మేనేజర్ దాకా పదహారేళ్లు చేశాను. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్లో సొంత షెడ్డు. కౌంటర్‌కి అటూ ఇటూ రెండు వైపులా కూర్చున్నవాణ్ని కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను. టీ తెచ్చుకుని చదవండి.

మీ బండిలో లోపం ఏమిటో ఇక్కడ కూర్చుని చెప్పలేను. అది ఎందుకు బాగవడం లేదో మాత్రం సగం వరకు చెప్పగలను. మీరు నాలుగుసార్లు వెళ్లారు, నాలుగుసార్లూ వాళ్లు కథ మొదటినుంచి మొదలుపెట్టారు. నిన్నటి మెకానిక్ చూసింది ఇవాళ్టి మెకానిక్‌కి తెలియదు. వర్క్‌షాప్‌లో మనం నోటితో ఎంత వివరంగా చెప్పినా, సర్వీస్ అడ్వైజర్ ఎంత శ్రద్ధగా తల ఊపినా, జాబ్ కార్డులో, అంటే బండి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే పని కాగితంలో, పడిందే లెక్క. అందులో పడనిది కంపెనీ దృష్టిలో జరగనే లేదు.

షెడ్డు పెట్టిన కొత్తలో గుడివాడ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. మీ లాంటి కంప్లయింటే, అప్పటికే ఐదుసార్లు షోరూమ్‌కి వెళ్లొచ్చారు. ఆవిడ చేసిన మంచి పని ఏంటంటే కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నారు. ఐదు జాబ్ కార్డులూ బానెట్ మీద వరుసగా పరిచి కంప్లయింట్ రాసే గడి మాత్రం చదివాను. మొదటిదాంట్లో 'జనరల్ చెకప్'. రెండోదాంట్లో 'పికప్ తక్కువ'. మూడోదాంట్లో 'వార్నింగ్ లైటు'. నాలుగోది 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్', అంటే కంప్లయింట్ రాయాల్సిన చోట చేసిన పని రాశారు. ఐదోది మళ్లీ 'జనరల్ చెకప్'. ఆవిడకి అది ఐదుసార్లు వచ్చిన ఒకే జబ్బు. కంపెనీ కంప్యూటర్‌కి మాత్రం అవి ఐదు వేర్వేరు చిన్న పనులు, ఐదూ అయిపోయి క్లోజ్ అయినవే.

ఇది ఎప్పుడూ పొరపాటున జరుగుతుందని అనుకోకండి. ఒకే కంప్లయింట్ మళ్లీ వస్తే దాన్ని రిపీట్ జాబ్ అంటారు. రిపీట్లు పెరిగితే డీలర్‌ని కంపెనీ అడుగుతుంది, నెల మీటింగులో వర్క్స్ మేనేజర్‌కి అక్షింతలు పడతాయి. నాకూ పడ్డాయి. అందుకని ఫ్లోర్ మీద అదే కంప్లయింట్‌ని ఇంకో పేరుతో రాసే అలవాటు ఉంటుంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనూ చేశాను.

ఆ బండి సంగతి కూడా చెప్పేస్తాను, మీకు పనికొస్తుంది. స్కాన్ చేస్తే పీ2453 అనే లోపం కోడ్ వచ్చింది. డీజిల్ బళ్లలో పొగ గొట్టం దారిలో మసి పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ ఫిల్టర్‌కి ముందు ఎంత ఒత్తిడి ఉంది, వెనక ఎంత ఉంది అని కొలిచే సెన్సార్ ఒకటి ఉంటుంది. దాని రీడింగు నమ్మేలా లేదని ఆ కోడ్ అర్థం. షోరూమ్‌లో ఆ సెన్సార్ని రెండుసార్లు మార్చారు. సెన్సార్‌కి ఒత్తిడి అందించే రెండు రబ్బరు గొట్టాల్ని మాత్రం ఎవరూ విప్పి చూడలేదు. ఒక గొట్టానికి క్లిప్పు కింద వెంట్రుకవాసి పగులు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, వేడెక్కి రబ్బరు మెత్తబడగానే తెరుచుకుంటుంది. వర్క్‌షాప్ ఆవరణలో పది నిమిషాలు తిప్పితే ఏమీ రాదు, హైవే ఎక్కితే లైటు వెలుగుతుంది. కొన్ని వందల రూపాయల గొట్టం కోసం ఆవిడ ఐదుసార్లు సెలవు పెట్టారు.

నేనేదో ఘనుణ్ని కాబట్టి దొరకలేదు, లైటు వెలిగిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో చూశాను కాబట్టి దొరికింది. కోడ్ పడినప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్ని నడిపించే కంప్యూటర్, ఒక ఫొటో తీసినట్టుగా ఆ క్షణపు లెక్కలన్నీ దాచుకుంటుంది: స్పీడు, ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, ఇంజిన్ మీద లోడు. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఆ రీడింగుల్ని బట్టి బండి వేడెక్కి, లోడు మీద ఉన్నప్పుడే తేడా వస్తోందని తెలిసింది. కాబట్టి వేడెక్కేదాకా నడిపి, వేడి మీదే గొట్టాలు తడిమాను.

ఇప్పుడు అసలు మాట. షోరూమ్‌లో బండి ఇవ్వగానే చాలాచోట్ల చేసే మొదటి పని కోడ్ చెరిపేయడం. చెరిపితే లైటు ఆరిపోతుంది, దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. పైగా ఈసీయూ తన సొంత పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి, వాటికి కొన్ని ట్రిప్పులు పడుతుంది. అందుకే బండి తీసుకున్నాక నాలుగు రోజులో పది రోజులో అంతా బాగున్నట్టే ఉంటుంది. మీరు 'హమ్మయ్య' అనుకునేలోపు మళ్లీ లైటు. లోపం తిరిగి రాలేదండీ, అసలు పోలేదు.

కాబట్టి ఇకమీద బండి ఎప్పుడిచ్చినా ఒకటే షరతు పెట్టండి: కోడ్ చెరిపే ముందు స్కాన్ రిపోర్టు ప్రింట్ తీసి ఇవ్వండి, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా. 'అది కస్టమర్‌కి ఇవ్వం సార్, కంపెనీ రూల్' అని కొందరంటారు. వాదించకండి. 'సరే, స్క్రీన్‌ని ఫొటో తీసుకుంటాను, కోడ్ నంబర్లు జాబ్ కార్డులో రాయండి' అనండి. అదీ కుదరదంటే, ఆ కుదరదన్న మాటని సాయంత్రం మెయిల్లో పెట్టండి. ఇంకా నమ్మకం లేకపోతే ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, వెయ్యీ రెండు వేల మధ్యలో పనికొచ్చేవి దొరుకుతాయి. స్టీరింగ్ కింద మోకాలి దగ్గరుండే పోర్టులో గుచ్చి ఫోన్లో యాప్ తెరిస్తే ఇంజిన్ కోడ్‌లు కనిపిస్తాయి. చదవడం వరకే మీ పని. యాప్‌లో 'క్లియర్' మీట జోలికి పోకండి, మన సాక్ష్యాన్ని మనమే తుడిచేసుకున్నట్టవుతుంది.

లైటు విషయంలో ఒక జాగ్రత్త. పసుపు ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా వర్క్‌షాప్ దాకా నడుపుకోవచ్చు. అదే లైటు మిణుకుమిణుకుమంటూ ఇంజిన్ అదురుతుంటే పక్కకి ఆపండి. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇక ఒక్క కిలోమీటరు కూడా వద్దు, ఇంజిన్ కట్టేసి టోయింగ్‌కి ఫోన్ చేయండి. వెలిగిన ప్రతిసారీ ఓడోమీటర్ కూడా పడేలా పది సెకన్ల వీడియో తీసి పెట్టుకోండి. డ్రైవ్ చేసేవాళ్లు కాదు, పక్కన కూర్చున్నవాళ్లు తీయాలి.

ఇక మీకు అంతగా నచ్చని మాట ఒకటి చెప్పాలి. రోజుకి ఏడెనిమిది కిలోమీటర్లు, అదీ ముక్కలు ముక్కలుగా తిరిగే ఇంటికి, ఇప్పటి కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన బీఎస్‌6 డీజిల్ బండి సరిపోదు. ఈ ముక్క అమ్మేటప్పుడు షోరూమ్‌లో చెప్పరు. డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి, దాన్ని రీజనరేషన్ అంటారు. దానికి ఫిల్టర్ దగ్గర సుమారు 600 డిగ్రీల వేడి రావాలి. ఆ వేడి తెప్పించడానికి ఈసీయూ మామూలుకంటే ఎక్కువ డీజిల్ కొడుతుంది. మీరు బడి దగ్గర పిల్లల్ని దించి ఇంజిన్ కట్టేస్తారు, కాలడం సగంలో ఆగిపోతుంది. మసి అలాగే ఉంటుంది. కాలకుండా మిగిలిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి కిందున్న ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఇలా కొన్ని వారాలు గడిచాక ఒకరోజు మసి ఎక్కువైందని పీ2463 లాంటి కోడ్ పడుతుంది, ఇంజిన్ తనని తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తుంది. మీరు చెప్పిన 40 దాటకపోవడం అదే కావచ్చు. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి ఇరుక్కున్నా, ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పైపు ఎక్కడో లీకైనా కూడా ఇలాగే ఉంటుంది. అందుకే కోడ్ నంబర్ కావాలని అంతగా పట్టుబడుతున్నాను. పీ0401 అయితే ఈజీఆర్ వైపు, పీ0299 అయితే టర్బో వైపు, పీ0087 అయితే డీజిల్ ప్రెషర్ వైపు చూడాలి. ఇవి వెతకాల్సిన దిక్కు చూపిస్తాయే గానీ ఫలానా పార్టు పోయిందని తీర్పు చెప్పవు. కోడ్ చూసి సెన్సార్ మార్చేయడమే వైద్యం అనుకునే మెకానిక్కుల వల్లే సగం రిపీట్లు.

కాబట్టి బండి చేతికొచ్చాక వారానికో పది రోజులకో ఒకసారి సూర్యాపేట రోడ్డెక్కి అరగంట సేపు 70, 80 మీద నిలకడగా నడిపి రండి. టాప్ గేర్లో మూలగనివ్వకుండా, ఆర్‌పీఎం 2000 పైన ఉండేలా. అలా నెలరోజులు చేసినా లైటు వెలిగితే ఇక తప్పు మీ వాడకానిది కాదని మీరు ధైర్యంగా అనొచ్చు, ఆ తేదీలు రాసిపెట్టుకుంటే రేపు కేసు వేస్తే వినియోగదారుల కమిషన్లో కూడా పనికొస్తాయి. ఆయిల్ విషయంలో కూడా మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించండి. డీపీఎఫ్ బళ్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వాడాలి. మామూలు ఆయిల్ పోస్తే అందులోంచి వచ్చే బూడిద ఫిల్టర్లో పేరుకుంటుంది, రీజనరేషన్‌తో మసి కాలుతుంది గానీ ఆ బూడిద కాలదు.

డీజిల్ బాగోలేదు అన్నమాట గురించి. కల్తీ డీజిల్ అసలు లేదని అనను, ఇంజెక్టర్లు పాడైన బళ్లు నేనూ చూశాను. కానీ వర్క్‌షాప్‌లో ఏమీ తోచనప్పుడు ముందు నోటికొచ్చే మాట అదే, ఎందుకంటే ఆ ఒక్క మాటతో వారంటీ బాధ్యత మీ నెత్తికి మారిపోతుంది. వాళ్లు అలా అంటే రెండు అడగండి. ఒకటి, ట్యాంకులోంచి శాంపిల్ మీ ఎదుట తీసి, రెండు సీసాల్లో సీలు వేసి, ఒకటి మీకివ్వమనండి. రెండోది, ఆ మాటే జాబ్ కార్డులో రాసి సంతకం చేయమనండి. నా అనుభవంలో సంతకం దాకా వచ్చేసరికి పదిమందిలో ఎనిమిది మంది 'చూద్దాం లెండి సార్' అంటారు. మీరు మాత్రం ఒకే బంకులో పోయించుకుని బిల్లులు దాచుకోండి.

బండి 23 రోజులుగా ఎందుకుందో వాళ్ల వైపు నుంచి చెబుతాను. పాతికమంది మెకానిక్కులున్న వర్క్‌షాప్‌లో ఇలాంటి కోడ్‌లు నిజంగా పట్టుకోగలిగినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ పనులు చేసేవాళ్లు. డీలర్‌కి నాలుగు డబ్బులు వచ్చేది ఆ మామూలు సర్వీసుల్లో, యాక్సిడెంట్ బళ్ల పనుల్లో. వారంటీ పనికి కూలి కంపెనీ ఇస్తుంది, అదీ తను కట్టిన రేటుకి. జబ్బు వెతకడానికి పట్టిన రెండు రోజులకి సరిగ్గా లెక్క కట్టి ఇవ్వరు. అందుకని ఉన్న ఆ ఒక్క మంచి మెకానిక్‌నీ మీ బండి మీద కూర్చోబెట్టడం వర్క్స్ మేనేజర్‌కి కష్టం. ఖరీదైన పార్టు అయితే కంపెనీకి ఫొటోలు, రిపోర్టులు పంపి ముందు అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి వచ్చాక గానీ ఆర్డర్ పెట్టరు. మీకు చెప్పిన 'పార్టు రావాలి'లో ఈ మూడింట్లో ఏదైనా దాగి ఉండొచ్చు: ఇంకా జబ్బే తేలలేదు, తేలింది గానీ అనుమతి రాలేదు, అనుమతి వచ్చింది గానీ ఆర్డర్ పెట్టలేదు.

అందుకే 'ఎప్పుడొస్తుంది' అని అడగకండి. ఆ ప్రశ్నకి 'రెండు మూడు రోజుల్లో సార్' అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 'ఏ పార్టు, పార్టు నంబర్ ఎంత, ఆర్డర్ ఏ తేదీన పెట్టారు, ఆర్డర్ నంబర్ ఎంత, వీఓఆర్ కింద పెట్టారా మామూలు స్టాకు కింద పెట్టారా' అని అడగండి. వీఓఆర్ అంటే వెహికల్ ఆఫ్ రోడ్, కదల్లేక ఆగిపోయిన బండి కోసం పెట్టే అర్జెంటు ఆర్డర్. మామూలు ఆర్డర్లో లారీలో వచ్చే పార్టు దీంట్లో ముందుగా, విడిగా వస్తుంది. ఆ మాట మీ నోట వినగానే అడ్వైజర్ కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటాడు. అలా కూర్చోవడం నాకు గుర్తే, నేనూ కూర్చున్నాను.

ఇంకో చిన్న కిటుకు. ఇలాంటి పనికి శనివారం, సోమవారం, నెలాఖరు వద్దు. బుధవారమో గురువారమో పదింటికి వెళ్లి, బండి అప్పగించి వచ్చేయకుండా మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. లోపం ఎక్కడ ఎలా వస్తుందో అతనికి కళ్లారా చూపించండి. 'కస్టమర్‌తో కలిసి టెస్ట్ డ్రైవ్, ఫలానా స్పీడులో పికప్ పడిపోవడం గమనించాం' అని జాబ్ కార్డులో రాయిస్తే అది పది ఫోన్ కాల్స్ పెట్టు.

జాబ్ కార్డులో మీ మాట మీ మాటల్లోనే పడాలి. ఇలా: 'ఇంజిన్ లైటు వెలిగి పవర్ తగ్గుతోంది, 40 దాటడం లేదు. ఇదే కంప్లయింట్ నాలుగోసారి. పాత జాబ్ కార్డులు ఫలానా, ఫలానా, ఫలానా.' వాళ్ల సిస్టమ్‌లో అంత చోటు లేదంటే ప్రింట్ మీద పెన్నుతో రాసి, వాళ్ల సంతకం తీసుకుని ఫొటో తీసుకోండి. బండి తీసుకునేటప్పుడు 'పని తృప్తికరం' అన్న చోట కళ్లు మూసుకుని సంతకం చేయకండి. 'నడిపి చూశాక చెబుతాను' అని రాసి సంతకం పెట్టండి. వారంటీలో డబ్బులు కట్టలేదు కదా అని బిల్లు అడగకుండా వచ్చేస్తుంటారు చాలామంది. సున్నా రూపాయల బిల్లయినా అడిగి తీసుకోండి, ఏ పార్టు మార్చారో ఉండేది దాంట్లోనే. మీ మొదటి మూడు విజిట్ల కాగితాలు లేకపోతే ఇప్పుడైనా సర్వీస్ హిస్టరీ ప్రింట్ అడగండి.

తర్వాత పై మెట్టు. వర్క్స్ మేనేజర్‌తో ఒకసారి మాట్లాడండి, మర్యాదగానే. కౌంటర్ దగ్గర అరిచేవాళ్ల బండి ముందు తయారవుతుందని ఒక నమ్మకం ఉంది. నిజమే, ముందు తయారవుతుంది. ఎలా అంటే కోడ్ చెరిపేసి, కడిగి, మెరిపించి ఇచ్చేస్తారు. ఆ సాయంత్రమే అదంతా మెయిల్లో పెట్టండి, డీలర్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి. ఎప్పటికీ అదే మెయిల్‌కి జవాబులుగా రాస్తూ పోండి, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. కోపం, బాధ, పిల్లల బడి సంగతులు వద్దు. తేదీ, కిలోమీటర్లు, మీరు చెప్పిన కంప్లయింట్, వాళ్లు చేసిన పని, బండి ఎన్ని రోజులుంది, ఇవి నాలుగు విజిట్లకీ నాలుగు వరుసలు. చివర మూడు అడగండి: కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ బండిని స్వయంగా చూడాలి, మూలకారణం రాతపూర్వకంగా చెప్పాలి, ఫలానా తేదీలోపు చేయలేకపోతే వాడుకోవడానికి బండి ఇవ్వాలి. ఆ చివరిది వాళ్లు ఇచ్చితీరాలన్న రూలేమీ లేదు, కానీ అడిగితే ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఈలోపు ఆటోలకీ క్యాబులకీ పెట్టిన ఖర్చుల రసీదులు దాచండి. ఏరియా మేనేజర్ వచ్చే రోజు తెలుసుకుని మీరూ వెళ్లండి. కంపెనీ మనిషి వస్తున్నాడంటే ఆ ఒక్క మంచి మెకానిక్ మీ బండి దగ్గరే ఉంటాడు.

మీ మోడల్‌కి రీకాల్ (లోపమున్న బళ్లని కంపెనీయే పిలిపించి బాగుచేయడం) ఏదైనా ఉందేమో కంపెనీ వెబ్‌సైట్లో ఛాసిస్ నంబర్ కొట్టి చూసుకోండి. వాహన తయారీ కంపెనీల సంఘం సియామ్ వెబ్‌సైట్లోనూ కంపెనీలు తమంతట తామే ప్రకటించిన రీకాళ్ల వివరాలుంటాయి. 

ఇక కేసు. మన దేశంలో, అమెరికాలోలాగా ఇన్నిసార్లు రిపేరుకొస్తే కారు వెనక్కి తీసుకోవాల్సిందే అనే 'లెమన్ లా' లేదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. కారుకి మీరు చెల్లించింది 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, మీరు ఉంటున్న ఊరి కమిషన్ చాలు, కంపెనీ ఉన్న పుణేకో చెన్నైకో వెళ్లక్కర్లేదు. పది నుంచి ఇరవై లక్షల మధ్య అయితే ఫీజు 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు గానీ ఇలాంటి సాంకేతిక కేసుకి ఉంటే మంచిది. గడువు రెండేళ్లు, కాబట్టి మొదటి జాబ్ కార్డు తేదీ నుంచే జాగ్రత్తగా లెక్కపెట్టుకోండి. డీలర్‌నీ తయారీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కారు ఏదైనా సంస్థ పేరు మీద, వ్యాపారం కోసం కొన్నదైతే అసలు వినియోగదారు అవుతారా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. మీది సొంత వాడకం, ఆ బెడద లేదు.

కేసుకి ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అయితే ఆ ఫిర్యాదు సాధారణంగా డీలర్ దగ్గర ఆగదు, కంపెనీలో పైవాళ్ల టేబుల్ మీదికి వెళ్తుంది. ఆ దెబ్బకే కదిలిన బళ్లు నాకు తెలుసు. కదలకపోతే లాయర్ నోటీసు, పదిహేను రోజుల గడువు, ఆ తర్వాతే కేసు.

కొత్త బండి వస్తుందన్న ఆశతో మాత్రం వెళ్లకండి. వారంటీలో రాసింది చెడిన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే అయినప్పుడు మొత్తం కారు మార్చి ఇమ్మనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. తయారీ లోపమని మీరు నిరూపించాలి. మీ మాట, మీ వీడియో ఒక్కటే చాలవు, నిపుణుల నివేదిక ఉంటే బలం. అవసరమనుకుంటే కమిషనే బండిని పరీక్షకి పంపించొచ్చు, దాని ఫీజు ముందు మిమ్మల్నే కట్టమంటుంది. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, వాస్తవంలో అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. చాలాసార్లు వచ్చేది ఏంటంటే ఉచితంగా బాగుచేసివ్వాలి, ఇబ్బంది పెట్టినందుకు ఇంత, ఖర్చులకి ఇంత. దానికైనా మీ చేతిలో ఉండాల్సింది అదే కాగితాల కవరు.

చేయకూడనివి కొన్ని. డీపీఎఫ్ తీసేసి ఈసీయూ మార్పించేస్తే పీడ పోతుందని సలహా ఇచ్చేవాళ్లు మా ఆటోనగర్లోనే బోలెడు మంది దొరుకుతారు. అది చట్టవిరుద్ధం, వారంటీ ఆ రోజుతో పోయినట్టే, రేపు కేసులో మీ మెడకే చుట్టుకుంటుంది. వారంటీ ఉండగా బయటి షెడ్డులో ఇంజిన్ మీద చెయ్యి వేయించకండి, నా షెడ్డుతో సహా. టీచరమ్మ బండికి వారంటీ అయిపోయింది కాబట్టే ముట్టుకున్నాను. వైర్లు కత్తిరించి పెట్టించిన లైట్లు, యాంప్లిఫయర్ ఉంటే ముందే చెప్పండి, వాళ్లే కనిపెడితే తప్పంతా దాని మీదికే తోస్తారు. కోపంతో ఈఎంఐ ఆపకండి. బ్యాంకుకీ మీ ఇంజిన్‌కీ సంబంధం లేదు, పాడయ్యేది మీ సిబిల్ స్కోరే.

అమ్మేయాలా అన్నదానికి నా అభిప్రాయం: ఇప్పుడే వద్దు. లోపం తేలకుండా అమ్మితే తీసుకునేవాళ్లకి అబద్ధం చెప్పాలి, నిజం చెబితే రేటు రాదు. ముందు బాగుచేయించండి. ఆ తర్వాత మీ రోజువారీ దూరం మారదనుకుంటే పెట్రోల్ బండికి మారడం తెలివైన పని. ఉంచుకునేట్టయితే కంపెనీ వారంటీ ముగిసేలోపే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి.

రేపు వర్క్‌షాప్‌కి వెళ్లగానే ఒక పని చేయండి. బండి చల్లగా, సమతలంగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తించి డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ గరిష్ఠ గీత దాటి పైకి ఉన్నా, వాసన చూస్తే డీజిల్ కొట్టినా ఫొటో తీసి, ఆయిల్ మార్చకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని జాబ్ కార్డులో రాయించండి. ఆయిల్ లెవెల్ ఎక్కడుందో, కోడ్ నంబర్ ఏమొచ్చిందో ఇక్కడ రాయండి. మిగతాది అప్పుడు చూద్దాం.